రిజిస్టరులో లేని మాస్టారు

(పాఠశాల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, ప్రధానోపాధ్యాయులవారికి, మాకు చదువు చెప్పి ఈరోజు ఓపిక చేసుకుని ఇంతదూరం వచ్చిన గురువులకు, ఒకప్పుడు నాతోపాటు ఈ గదుల్లో నేలమీద కూర్చుని ఇప్పుడు కుర్చీలో కూర్చుని కూడా నడుం పట్టేసిందంటున్న మిత్రులకు, భోజనాలు ఎప్పుడు పెడతారా అని ముందు వరసలోంచి నన్నే చూస్తున్న పిల్లలకు నమస్కారం.

కమిటీవారు నాకు 'మన గురువులు' అనే అంశం ఇచ్చారు. నాకు ముందు మాట్లాడినవారు తెలుగు మాస్టారి గురించీ, డ్రిల్లు మాస్టారి గురించీ నేను చెప్పదలచినదానికంటే బాగా చెప్పారు. అందుకని నేను వేరే దారిలో వెళతాను.

ఇందాక సన్మానాలు జరిగాయి కదా, ఆ జాబితా ఎలా తయారుచేశారని కార్యదర్శిగారిని అడిగాను. బడి ఆఫీసులోని పాత అక్విటెన్సు రిజిస్టర్లు దింపి, దుమ్ము దులిపి, జీతం ముట్టినట్టు సంతకం పెట్టిన ప్రతి ఒక్కరి పేరూ రాసుకున్నామని చెప్పారు. చాలా మంచి పద్ధతి. ఎవరి పేరూ తప్పిపోదు. కాకపోతే జీతం లేకుండా ఇక్కడ పాఠాలు చెప్పినవాళ్లు కొందరున్నారు. వాళ్ల సంతకం ఆ రిజిస్టర్లలో దొరకదు. బి.ఇడి. కాలేజీల నుంచి ఏటా బోధనాభ్యాసానికి వచ్చిన ట్రైనింగు మాస్టార్లూ, టీచరమ్మలూ వాళ్లు. నేను చెప్పబోయేది వాళ్లలో ఇద్దరి గురించి. ఒకాయన 1983లో వచ్చారు. ఒక అమ్మాయి మొన్న మొన్ననే వచ్చి వెళ్లింది. ఇద్దరి అనుమతీ తీసుకోలేదు కాబట్టి పేర్లు చెప్పను.

1983లో నేను ఎనిమిదో తరగతి. మా సెక్షనులో 62 మందిమి. దసరా సెలవులయ్యాక ట్రైనింగువాళ్లు దిగారు. అప్పట్లో వాళ్లను గుర్తుపట్టడం తేలిక. చంకలో చుట్టిన నల్లగుడ్డ బోర్డు, చేతిలో చార్టులు, జేబులో రంగు సుద్దముక్కలు. పాఠం మొదట్లో అసలు విషయం పేరెత్తకుండా నాలుగు ప్రశ్నలు వేసి, ఆ నాలుగో ప్రశ్నకు మా నోటితోనే పాఠం పేరు చెప్పించేవాళ్లు. అది హెర్బార్టు అనే జర్మనీ తత్వవేత్త పేరుమీద వచ్చిన సోపానాల పద్ధతి అనీ, మొదటి మెట్టు సన్నాహం అనీ, చివరికి పునర్విమర్శ అనీ నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పుడు మాకు తెలిసిందల్లా ఒకటే. వెనక బెంచీలో వాళ్ల కాలేజీ లెక్చరరుగారు కూర్చుంటే అది పాఠం కాదు, నాటకం. నాటకంలో మాకూ వేషాలున్నాయి. 'బి' సెక్షనులో అదే పాఠం నిన్ననే అయింది కాబట్టి ఏ ప్రశ్న వస్తుందో ముందే తెలుసు. చేతులు టకటకా లేచేవి. లెక్చరరుగారు రికార్డులో 'బాగున్నది' అని రాసి సంతకం పెట్టి వెళ్లిపోయేవారు.

మా లెక్కల ట్రైనింగు మాస్టారు కూడా అలాగే తన పాఠాల లెక్క పూర్తిచేసుకుని వెళ్లిపోవలసినవారే. ఇంతలో మా అసలు లెక్కల మాస్టారికి పచ్చకామెర్లు వచ్చి మంచం పట్టారు. హెడ్మాస్టరుగారు కాలేజీకి ఉత్తరం రాసి, ఈ అబ్బాయిని సంక్రాంతి సెలవుల దాకా ఇక్కడే ఉంచమని అడిగారు. అలా ఆరు వారాలపాటు మా తరగతి పూర్తిగా ఆయన చేతికి వచ్చింది. లెక్కలు, భౌతికశాస్త్రం, హాజరు పట్టీ, మధ్యాహ్నం తాగునీళ్ల కుండ, కిటికీ రెక్క విరిగితే సంజాయిషీ, అన్నీ ఆయనవే.

ఆయన మా ఇంటి ముందు గదిలో అద్దెకుండేవారు. రాత్రిపూట మా అమ్మ ఇచ్చిన మజ్జిగ చెంబు పట్టుకెళ్లడం నా డ్యూటీ. అందువల్ల తరగతిలో మిగతా 61 మందికి కనపడనిది నాకు కనిపించింది. ఆయన వయసు ఇరవై రెండో ఇరవై మూడో ఉంటుంది. అప్పుడు మాకు పెద్దమనిషిలా కనిపించారు. ఇప్పుడు మా ఆఫీసుకు కొత్తగా వచ్చే ఇంజనీర్లను చూస్తే, అయ్యో, ఇంత పిల్లవాడా మనకు పాఠం చెప్పింది అనిపిస్తుంది.

మొదటి వారం గోల. రికార్డులో రాసుకున్న పాఠం నలభై అయిదు నిమిషాలకు సరిపోయేలా ఉంటుంది. రోజుకో పాఠమైతే చార్టు గీసుకోవచ్చు. రోజుకు అయిదారు పీరియడ్లు వచ్చేసరికి చార్టులు అయిపోయాయి, నాలుగు ప్రశ్నల సన్నాహమూ అయిపోయింది. వెనక బెంచీలో లెక్చరరుగారు లేరు. నాటకం చూసేవాళ్లు లేకపోతే వేషగాళ్లు ఎందుకు కుదురుగా ఉంటారు? ఆయన బోర్డు వైపు తిరిగితే ఇటు సంత మొదలయ్యేది. గొంతు పెంచేవారు. మేమూ పెంచేవాళ్లం. రెండో వారం బెత్తం తెచ్చారు. అప్పట్లో అది నేరం కాదు. పిల్లల్ని కొట్టకూడదని చట్టం వచ్చింది 2009లో. బెత్తంతో గోల తగ్గింది. దాంతోపాటు ప్రశ్నలకు జవాబు చెప్పడమూ తగ్గింది.

ఇక్కడ మా తెలుగు మాస్టారిని తలచుకోవాలి. ఆ ఆరు వారాలూ ఆయన తన ఖాళీ పీరియడ్లలో స్టాఫురూముకు వెళ్లడం మానేసి, మా గది బయట వరండాలో కుర్చీ వేసుకుని కాంపోజిషన్ పుస్తకాలు దిద్దుకునేవారు. లోపల ఎంత అల్లరి జరిగినా గుమ్మం దాటి వచ్చేవారు కాదు. ఒక్కసారి వచ్చి గుడ్లురిమితే చాలు, మేం గప్‌చిప్. కానీ ఆయన వస్తే ఆ తరగతి ట్రైనింగు మాస్టారిది కాకుండా పోతుందని ఆయనకు తెలుసు. సాయంత్రం బడి వదిలాక ఇద్దరూ కలిసి కాలవగట్టు మీద నడుచుకుంటూ వచ్చేవారు. వెనక పుస్తకాల సంచి మోసుకుంటూ నేను. నాకు వినబడిన సలహాల్లో ఒక్క వేదాంతం మాటా లేదు. "బోర్డు మీద రాసేటప్పుడు మాట్లాడకండి. మాట్లాడేటప్పుడు రాయకండి." ఇంకోరోజు, "మీ చూపు మొదటి రెండు వరసలు దాటడం లేదు. రేపు మూల కిటికీ దగ్గర నిలబడి చెప్పి చూడండి." ఇలాంటివే, రోజుకొకటి.

మూడో వారంలో ఒక సంగతి జరిగింది. ఇంటిలెక్కల పుస్తకాలు 62 తెచ్చుకుని రాత్రిపూట దిద్దుతున్నారు. మజ్జిగ తీసుకెళ్లేసరికి పుస్తకాలు మూడు దొంతర్లుగా పేర్చి ఉన్నాయి. తప్పొప్పుల ప్రకారం పేర్చారేమో అనుకున్నాను. కాదు, తప్పును బట్టి పేర్చారు. ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్ అంటే ఎ స్క్వేర్ ప్లస్ బి స్క్వేర్ అని రాసినవాళ్లందరూ ఒక దొంతర. అదే అన్నిటికంటే పెద్దది. అప్పటిదాకా ఆయన ఎర్రసిరాతో ఇంటు మార్కు కొట్టి, పక్కన సరైన సూత్రం రాసేవారు. ఆరోజు ఇంటు మార్కు కొట్టలేదు. చాలాసేపు ఆ దొంతర వైపే చూస్తూ కూర్చున్నారు.

మర్నాడు మమ్మల్ని వరండాలోకి తీసుకొచ్చారు. వరండాలో నాపరాళ్లు పరిచి ఉండేవి, మీకందరికీ గుర్తుండే ఉంటుంది. సుద్దతో నిలువు ఏడు రాళ్లు, అడ్డం ఏడు రాళ్లు వచ్చేలా గీత గీశారు. ఎన్ని రాళ్లు? లెక్కపెట్టాం, 49. ఏడంటే అయిదూ రెండూ కదా అన్నారు. ఒక మూల అయిదుకి అయిదు గీశారు, 25. ఎదుటి మూల రెండుకి రెండు, 4. కలిపితే 29. "మరి మిగతా ఇరవై రాళ్లూ ఎవరివి?" అని అడిగి పక్కకు వెళ్లి నిలబడ్డారు. చెప్పలేదు. మేం అటూ ఇటూ నడిచాం, తోసుకున్నాం, ఒకడు రాళ్ల మీద పడుకున్నాడు కూడా. చివరికి ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్ల, అయిదు పొడవు రెండు వెడల్పు ఉన్న ముక్క ఇటొకటి అటొకటి ఉందని చూపించింది. రెండు పదులు ఇరవై. టూ ఎబి అక్కడ నేలమీద పరిచి ఉంది. నలభై ఏళ్లు దాటినా ఆ సూత్రం రాసేటప్పుడు నాకు కాళ్లకింద నాపరాయి చల్లదనం తగులుతుంది.

ఆ రోజు నుంచి ఆయన "అర్థమైందా?" అని అడగడం మానేశారు. ఆ ప్రశ్నకు తరగతి మొత్తం ఒకే గొంతుతో "అర్థమైంది సార్" అంటుంది. ఏ ఊళ్లోనైనా, ఏ కాలంలోనైనా అంతే. దానికి బదులు గంట కొట్టడానికి అయిదు నిమిషాల ముందు చిన్న చీటీ మీద ఒకే ఒక్క లెక్క చేయించి తీసుకునేవారు. రాత్రి ఆ చీటీలు చూసి, మర్నాటి పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో నిర్ణయించుకునేవారు. బెత్తం ఎప్పుడు మాయమైందో ఎవరికీ గుర్తులేదు. పాఠం రికార్డు పుస్తకం మాత్రం గూట్లో అలాగే ఉండేది. దాని మీద మజ్జిగ చెంబు పెట్టేవారు.

అంతా విజయమే అనుకోకండి. వరి కోతలు మొదలయ్యాక మా తరగతిలో ఎనిమిది మంది బడికి రావడం మానేశారు. ఆయన ఆదివారాలు ఒక్కో ఇంటికీ వెళ్లారు. నూర్పిళ్లయ్యాక ఏడుగురు తిరిగివచ్చారు. ఒకడు రాలేదు. వాడి తండ్రి అన్న మాట మా అరుగుమీద కూర్చుని మా నాన్నతో చెప్పారు: "మీరు సంక్రాంతికి వెళ్లిపోతారు బాబూ, తర్వాత వీణ్ణి ఎవరు చూస్తారు?" దానికి ఆయన దగ్గర జవాబు లేదు. మా నాన్న దగ్గరా లేదు.

సంక్రాంతికి వెళ్లిపోయారు. చాలాకాలం తర్వాత తెలిసిన సంగతి, ఆయన బ్యాంకు పరీక్ష రాసి గుమాస్తాగా చేరారు, బ్యాంకులోనే రిటైరయ్యారు. అంటే ఆయన జీవితం మొత్తంలో టీచరుగా పనిచేసింది మా 62 మందికి, ఆ ఆరు వారాలే. గిజుభాయి బధేకా రాసిన 'పగటికల' తెలుగులో వచ్చింది, టీచర్లు చాలామంది చదివే ఉంటారు. వకీలు పని వదిలి పిల్లల చదువు వైపు వచ్చిన గుజరాతీ ఆయన. అందులో మాస్టారు ప్రయోగం చేస్తానని నాలుగో తరగతి అడిగి తీసుకుంటాడు. మొదటిరోజు పిల్లలతో నిశ్శబ్దం ఆట ఆడిద్దామని చూస్తే అది గోలలో కలిసిపోతుంది, పిల్లల్ని ఇంటికి పంపేయవలసి వస్తుంది. ఆ పేజీ చదివినప్పుడు నాకు మా గదే కనిపించింది. ఆ మాస్టారికి ఏడాది దొరికింది. మావారికి ఆరు వారాలు.

ఇప్పుడు రెండో మనిషి సంగతి. కిందటేడు మన సంఘం ల్యాబుకు కొత్త వైరింగు వేయించాలని నిర్ణయించి ఆ పని నాకు అప్పగించింది. కరెంటువాడు కదా అని. నాలుగు నెలలు దాదాపు ప్రతి శనివారం ఇక్కడికి వచ్చాను. ల్యాబు కిటికీకి ఆనుకునే ఎనిమిదో తరగతి. అక్కడ ఒక బి.ఇడి. అమ్మాయి ఇంటర్న్‌షిప్ చేస్తోంది. 2015 నుంచి బి.ఇడి. రెండేళ్లయింది. మొత్తం 20 వారాలు బడిలో గడపాలి, అందులో 16 వారాలు రెండో ఏడాదిలోనే. మా మాస్టారికి కలిసొచ్చి దొరికింది ఇప్పుడు నిబంధన అయింది. కాగితం మీద ఇది మంచి మార్పు. కొన్నిచోట్ల బడి ముఖం చూడకుండానే ఇంటర్న్‌షిప్ అయిపోతుందని మీరూ నేనూ విన్నదే, దాని జోలికి ఇప్పుడు పోను. ఈ అమ్మాయి రోజూ వచ్చేది. రెండు బస్సులు మారి.

లెక్కల టీచరమ్మ ప్రసూతి సెలవు మీద వెళ్లడంతో తరగతి ఈమె చేతికి వచ్చింది. మొదటి శనివారం నేను విన్నది ఇదీ: ప్రశ్న అడుగుతుంది, రెప్పపాటు ఆగుతుంది, జవాబు తనే చెప్పేస్తుంది. ఇంజనీరు బుద్ధి పోదు కదా, చేతి గడియారం చూశాను. ఏ ప్రశ్న దగ్గరా రెండు సెకన్లు ఆగలేదు. ఇది ఆమె ఒక్కదాని అలవాటు కాదు. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలోనే తరగతి గదుల టేపులు విని, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారనీ, దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడుగవుతాయనీ, మాట్లాడే పిల్లలు పెరుగుతారనీ చూపించింది. మూడు సెకన్లు అంటే ఏముంది అనుకుంటాం. నలభై మంది మన ముఖం వైపు చూస్తున్నప్పుడు మూడు సెకన్లు నోరుమూసుకుని నిలబడి చూడండి. నేను ఇక్కడ, ఈ మైకు ముందు, ఇప్పుడు నిలబడి చూపిస్తాను.

(మూడు సెకన్ల మౌనం)

చూశారా, కార్యదర్శిగారు అప్పుడే లేవబోయారు.

నెల తిరిగేసరికి ఆ అమ్మాయి గొంతు బొంగురుపోయింది. ఆ వారమే మార్పు కనిపించింది. గొంతు లేక మాట తగ్గించిందో, ఎవరైనా చెప్పారో, తనకే తోచిందో నాకు తెలియదు. ప్రశ్న అడిగి, కిటికీ దాకా నడిచి, నేను నిచ్చెన మీద వేలాడుతూ కేసింగు బిగించడం చూసి, మళ్లీ వెనక్కి తిరిగేది. ఈలోపు లోపల ఎవరో ఒకరు మాట్లాడేవారు. ఇంకొకటి గమనించాను. ఇప్పటి పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. రాతలెక్క వస్తే పిల్లలు అంకెలు మాత్రం ఏరుకుని, కూడికో గుణకారమో ఏదో ఒకటి చేసేస్తున్నారు. ఆమె లెక్క చేయించడం ఆపి, ముందు తెలుగు పేజీ గట్టిగా చదివించి, "ఇందులో ఎవరు, ఎవరికి, ఏమి ఇచ్చారు?" అని కథలా చెప్పించింది. తర్వాత ఇంగ్లీషు పేజీ. అప్పుడు లెక్క. రోజుకు పది లెక్కలు అయ్యేచోట మూడే అయ్యాయి. సిలబస్ వెనకబడుతోందని స్టాఫురూములో సణుగుడు. ఆమె వింది, మానలేదు. నా లెక్కలో ఆ అమ్మాయి టీచరైన రోజు అదే.

కానీ ఒక విషయం నాకు నచ్చలేదు, చెప్పకపోతే ఈ ప్రసంగం దండగ. ఎవరు సెలవు పెట్టినా ఆ పీరియడు ఆమెకే వచ్చేది. ఇంగ్లీషు, సోషల్, డ్రిల్లు. పది పదిహేను వారాలు ఆమె తరగతి గుమ్మం దగ్గర ఒక్కరు నిలబడి విన్నది నేను చూడలేదు, వచ్చింది శనివారాలే అనుకోండి. ఎవరినీ తప్పుపట్టడం లేదు. ఖాళీ పోస్టులు, యాప్‌లలో నింపవలసిన లెక్కలు, వాళ్ల తిప్పలు వాళ్లవి.

మా సబ్‌స్టేషన్లలో పద్ధతి చెబుతాను. కొత్తగా వచ్చిన ఇంజనీరు ముందు చూస్తాడు. తర్వాత గంటగంటకూ రీడింగులు లాగ్‌షీటులో రాస్తాడు. తర్వాత సీనియరు పక్కన ఉండగా స్విచ్ తీస్తాడు. ఆ తర్వాతే ఒంటరి షిఫ్టు, అప్పుడూ సీనియరు ఫోనుకు అందుబాటులో ఉంటాడు. లైను మీద మనిషి పనిచేస్తుంటే ఎల్‌సి, అంటే లైన్ క్లియర్, ఎవరి పేరున తీసుకున్నారో వాళ్లే తిరిగి ఇవ్వాలి. అప్పటిదాకా లైను ఛార్జి చేయకూడదు. ఎందుకింత పట్టింపు అంటే అవతల ప్రాణం ఉంది. తరగతిలో ఎవరూ చచ్చిపోరు నిజమే. కోతలకు వెళ్లి తిరిగి రాని ఆ పిల్లవాడికి ఏమైందని మాత్రం నన్ను అడగకండి, వాడి కొడుకు మన భోజనాల దగ్గర గాడిపొయ్యి చూసుకుంటున్నాడు.

కాబట్టి సంఘానికి నా మనవి. స్వర్ణోత్సవం గుర్తుగా గేటు దగ్గర ఆర్చి కట్టాలని తీర్మానం ఉంది. ఆర్చి బాగుంటుంది, ఫొటోలు బాగా వస్తాయి, నేను వ్యతిరేకిని కాను. ఎత్తు కొంచెం తగ్గించండి అంటున్నాను. పాత లైబ్రరీ వెనక గది ఖాళీగా పడి ఉంది. పైకప్పు గట్టిగానే ఉంది, నేను ఎక్కి చూశాను. దాన్ని బాగుచేసి, ఒక బాత్రూమ్ కట్టి, ఇంటర్న్‌షిప్‌కు వచ్చే ఆడపిల్లలు ఇద్దరు ఆ 16 వారాలూ ఇక్కడే ఉండే ఏర్పాటు చేద్దాం. రెండు బస్సులు మారే ఓపిక పుస్తకాలు దిద్దడానికి మిగులుతుంది. రెండోది డబ్బుతో పనిలేనిది. మన సంఘంలో రిటైరైన టీచర్లు పదిమందిదాకా ఇదే ఊళ్లో ఉన్నారు. ప్రధానోపాధ్యాయులవారు ఒప్పుకుంటే, వంతులవారీగా వారానికి రెండురోజులు ఎవరో ఒకరు వచ్చి ఆ గది బయట వరండాలో కుర్చీ వేసుకుని కూర్చోవాలి. లోపలికి వెళ్లకూడదు, అది షరతు. సాయంత్రం ఆమెతోపాటు గేటుదాకా నడిస్తే చాలు.

గదికి వైరింగు, ఫ్యాన్లు నా ఖర్చు. మిగతా పనికి అంచనా కాగితం రాసి కార్యదర్శిగారికి ఇచ్చాను. వచ్చే బ్యాచి దసరా తర్వాత వస్తుందని కనుక్కున్నాను, అంటే మనకు గడువు అంతవరకే. కుర్చీ మాత్రం కొనక్కర్లేదు, మా ఇంట్లో పాతది ఒకటుంది, రేపు పంపిస్తాను.

సెలవు.